కామెంట్లు మైకులో చదివిన సాయంత్రం

ఆ రోజుల్లో, అంటే ఫోనులో డేటా మంచినీళ్ళకన్నా చవకైపోయిన కొత్తల్లో, మా బెజవాడ మనుషులకి ఉన్నట్టుండి రెండో నోరు మొలిచింది. మొదటి నోటి సంగతి మీకు తెలిసిందే. ఆటో పిలిచినా ‘ఏవండీ’, బస్సులో కాలు తొక్కినవాణ్ణి కసిరినా ‘కాస్త చూసుకోండి బాబూ’. వీధిలో అంత మర్యాద ఒలకబోసేవాళ్ళు, బొటనవేలు ఫోను మీద ఆనించగానే ఎదుటివాడి ఇంటిపేరుతో మొదలుపెట్టి అమ్మమ్మ దాకా వెళ్ళేవాళ్ళు. అందులోనూ ఆటల దగ్గర. జన్మలో బంతి పట్టుకోని పెద్దమనుషులు కూడా, ఓడిపోయిన కుర్రవాణ్ణి చూస్తే వాడు తమ పొలం గట్టు జరిపినంత కోపం తెచ్చుకునేవాళ్ళు. అభిమానం అంటే అదేననుకునేవాళ్ళు పాపం. అభిమానులకి మర్యాద నేర్పే బాధ్యత ఈ భూమ్మీద నాదేనని నాకు అనిపించిన ఒక వారం గురించి ఇప్పుడు చెప్తాను.

నాకప్పటికి డిగ్రీ అయిపోయింది, సంబంధాలు చూడటం ఇంకా మొదలుకాలేదు. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కొట్టున్న మా మావయ్య నన్ను తీసుకెళ్ళి బిల్లింగు కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. (నాకు కంప్యూటరు బాగా వచ్చని కాదు, ఇంట్లో ఉంటే సీరియళ్ళకి అలవాటు పడతానని.) మావయ్యకి వ్యాపారం పక్కవాయిద్యం, అసలు కచేరీ వాలీబాల్. మెకానిక్కులనీ, వెల్డర్లనీ, డ్రైవర్లనీ పోగేసి ఒక జట్టు కట్టాడు. రెండు షెడ్ల మధ్య ఖాళీ జాగాలో సాయంత్రం అయ్యేసరికి నెట్టు కట్టేవాళ్ళు. ఆ జట్టుకి ప్రాణం మా అన్నయ్య, అంటే మా పిన్ని కొడుకు. అందరూ ‘క్రేన్’ అనేవాళ్ళు. చెయ్యెత్తితే కొట్టు పైనున్న బోర్డు తుడిచేంత పొడుగు, పైగా పనిచేసేది కూడా క్రేన్లు బాగుచేసే షెడ్డులోనే. మాట మాత్రం మహా పొదుపు. ఇంకాస్త అన్నం కావాలన్నా కంచం ముందుకు జరిపేవాడేగాని నోరు తెరిచేవాడు కాదు. బాబాయి పోయాక పిన్ని ఈ ఒక్క కొడుకునీ చూసుకుని బతికింది. వాడు బంతి మీదికి లేచినప్పుడల్లా తనూ కుర్చీలోంచి కాస్త లేచేది.

ఆ యేడు చల్లపల్లి దగ్గర, మినుము తీసేసిన ఒక చేలో టోర్నమెంటు పెట్టారు. కొత్తగా ఆటలన్నీ ఫోనుల్లో లైవు ఇద్దామనుకున్నారు. కెమెరా పట్టుకునే మనిషి దొరికాడు, కింద జనం రాసే కామెంట్లు చూసుకునే మనిషి దొరకలేదు. మావయ్య వెంటనే నా పేరు ఇచ్చేశాడు. “మా మేనకోడలుంది, టైపింగు పాసయింది” అన్నాడట. చూసుకోవడమంటే ఏం చూడాలో నాకెవరూ చెప్పలేదు, జీతం కింద బిర్యానీ పొట్లం మాత్రం చెప్పారు.

మొదటి ఆదివారం లీగు ఆటల్లో ఆఖరిది గన్నవరం జట్టుతో ఆడి మనవాళ్ళు ఓడిపోయారు, పొద్దున గెలిచిన ఆటల పుణ్యాన సెమీస్‌కి మాత్రం చేరారు. చివరి బంతికి అన్నయ్య కొట్టిన షాట్ నెట్టుకి తగిలింది. అంతే, బ్యారేజి గేట్లెత్తినట్టు వచ్చిపడ్డాయి కామెంట్లు. క్రేన్‌ని తుక్కు కింద అమ్మేయమని ఒకరు, తూకానికి తనే కొంటానని ఇంకొకరు. అక్కడిదాకా నేనూ నవ్వుకున్నాను. తర్వాత వాడి తల్లి పెట్టిన తిండి దండగన్నారు, తండ్రి చూడకుండా పోవడమే నయమన్నారు. చిత్రమేమిటంటే గన్నవరంవాళ్ళు గెలిచిన సంబరంలో వాళ్ళ గోలలో వాళ్ళున్నారు, ఈ తిట్లన్నీ మన జట్టు అభిమానులవే. అందరిలోకీ ముందున్నవాడు తనకి తాను ‘డెల్టా పులి’ అని పేరు పెట్టుకున్నాడు. మాయదారి పులి, ఒక్క అక్షరం తప్పు లేకుండా చక్కటి తెలుగులో తిట్టేవాడు.

మా పిన్నికి అన్నయ్య అప్పుడే కొత్త ఫోను కొనిచ్చాడు. ఆవిడ చదువు ఐదో తరగతి. వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పైకి చదివితేగాని ఆవిడకి అర్థమయ్యేది కాదు. మర్నాడు పొద్దున్నే నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని అలాగే చదువుతోంది. తండ్రి మాట దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ మొదటినుంచీ కూడబలుక్కుంది, తప్పు చదివానేమోనని. తర్వాత నా వైపు చూసి, “ఇది మనవాడి గురించేనా అమ్మాయ్?” అంది. లోపల పళ్ళు తోముకుంటున్న అన్నయ్య బయటికి వచ్చాడు. ఆ యేడాది మొత్తం మీద వాడు నాతో మాట్లాడిన పెద్ద వాక్యం అప్పుడే విన్నాను. “సెమీస్‌కి నేను రానని మావయ్యతో చెప్పు. నన్నంటే సరేగాని, అమ్మ చేత ఇవి చదివించలేను.”

కొట్టుకి వెళ్ళేదారిలోనే నిర్ణయించేసుకున్నాను. వచ్చే ఆదివారంలోగా కామెంట్లు రాసే ప్రతివాణ్ణీ మనిషిని చెయ్యాలి. (వయసు అలాంటిది. రాష్ట్రమంతా నా మాట కోసమే ఎదురుచూస్తోందనిపించేది.) మొదట తిట్లు చెరిపేయడం మొదలుపెట్టాను. నేను ఒకటి చెరిపేలోపు నాలుగు మొలిచేవి, పొలంలో తుంగలాగా. డెల్టా పులిని బ్లాక్ చేశాను. ‘డెల్టా పులి ఒరిజినల్’ వచ్చాడు. వాణ్ణీ ఆపాను. ‘డెల్టా పులి అసలు ఒరిజినల్’ వచ్చాడు. సరే, మంచిగా చెబుదామని అభిమానులు ఎలా రాయాలో నియమాలు రాసి పేజీ నెత్తిన పెట్టాను. ఆటని విమర్శించండి, మనిషిని కాదు, ఇంట్లోవాళ్ళ ఊసు వద్దు, ఎదుట నిలబడి అనలేనిది ఇక్కడ రాయొద్దు. దాన్ని చదివినవాడు ఒకే ఒక్కడు. ‘విమర్శించండి’లో వత్తు తప్పు పడిందని కింద రాసి వెళ్ళాడు. ఇక మిగిలింది వాదన. ఒక మహానుభావుడితో పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా వాదించి, ఆ ఊపులో లారీ బేరింగు అడిగిన ఆయనకి ట్రాక్టరు బేరింగు బిల్లు కొట్టాను. మావయ్య నన్ను ఏమీ అనలేదుగాని కీబోర్డు తన వైపు లాక్కున్నాడు.

ఆ ఊరుకోవడంలోనే నాకు దారి దొరికింది. మావయ్య నోరు మంచిది, ఎదుట మనిషిని పెట్టుకుని ఒక్క మాట తూలడు. మా వైపు ఎవరూ తూలరు. మరి ఎదుట మనిషి లేకపోబట్టేగా ఇదంతా? అయితే మనుషుల్ని ఎదురుగా తెచ్చి పెడితే సరి. టోర్నమెంటులో మైకు పట్టుకునేది ఒక రిటైరయిన డ్రిల్లు మాస్టారు. తప్పిపోయిన చెప్పుల జత గురించి చెప్పినా పెళ్ళి శుభలేఖ చదువుతున్నట్టే ఉండేది ఆయన గొంతు. శనివారం బస్సెక్కి చల్లపల్లి వెళ్ళి, ఆట విరామాల్లో ఫోనులో వచ్చిన కామెంట్లు రాసినవాళ్ళ పేర్లతో సహా మైకులో చదవాలని ఆయన్ని అడిగాను. ఆయన నా ఫోను తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చదివి, తిరిగి నా చేతిలో పెట్టేశారు. “ముప్పయ్యేళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన నోరమ్మా ఇది. దీంతో ఇవి చదవలేను” అన్నారు. నేను వదల్లేదు. ఆయన సైకిలు పట్టుకుని వీధి చివరిదాకా నడిచాను. చివరికి ఒక రాజీ కుదిరింది. చదవదగ్గవి చదువుతారు. చదవకూడనివి చదవరు, రాసినవాడి పేరు మాత్రం చెబుతారు.

తిరిగొచ్చి పిన్ని వాళ్ళింట్లో ఇది చెబితే అన్నయ్య పెదవి విరిచాడు. రానంటే రానన్నాడు. అంతా విన్న పిన్ని లేచి ఇస్త్రీ చీర తీసింది. “నువ్వు రావొద్దులేరా. నేను వెళ్ళి కూర్చుంటాను. అనేవాళ్ళని నా ముందే అనమను” అంది. ఆవిడ ఆ మాట అన్న తీరుకి ఆ పూట చెల్లెలికి తోడుగా వచ్చి వంటింట్లో ఉన్న మా అమ్మ కూడా తొంగి చూసింది. పిన్ని ఒక్కతీ బెజవాడ నుంచి చల్లపల్లి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య బూట్ల సంచి భుజాన వేసుకుని ఆవిడ వెనకే బస్సెక్కాడు.

చేనంతా జనం. సెమీస్‌లోనూ మనకి ఎదురుపడింది గన్నవరం జట్టే. ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. పిన్నిని చూసి తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి గబుక్కున లేచి తన కుర్చీ ఇచ్చి, ఇంకో కుర్చీ ఎక్కడినుంచో తెప్పించుకుని పక్కనే కూర్చున్నాడు. మజ్జిగ తెప్పించనా అమ్మా అని అడిగాడు, ఎండ మొహాన పడుతోందని కుర్చీ జరిపించాడు. ఇంత మంచి మనుషులున్న చోట ఆ తిట్లు ఎవరు రాస్తున్నారా అని నాకు అప్పుడే ఆశ్చర్యమేసింది. నేను సిగ్నలు కోసం మైకు బల్ల పక్కన నిలబడి, కామెంట్లు చూసి మాస్టారికి అందిస్తున్నాను.

మొదటి విరామంలో మాస్టారు గొంతు సవరించుకున్నారు. రెండు మంచి కామెంట్లు చదివారు. తర్వాత అదే శుభలేఖ గొంతుతో, “శ్రీ డెల్టా పులి అసలు ఒరిజినల్ గారు తమ అభిప్రాయం పంపియున్నారు. ఇక్కడ ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నందువల్ల దాన్ని చదవడం లేదు. వారు మన్నించాలి” అన్నారు. చేను చేనంతా గొల్లుమంది. పులి ఎవరా అని అందరూ పక్కవాళ్ళ మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాడు పాపం సొంత పేరుతోనే రాసుకున్నాడు. ఆ పేరు వినగానే మూడో కుర్చీలో ఉన్న ముసలాయన ఉలిక్కిపడి, “మా అల్లుడండీ” అని ఎవరూ అడక్కుండానే చెప్పేశాడు. అల్లుడుగారు ఆ సాయంత్రం మళ్ళీ రాయలేదు. చివర్లో మాస్టారు, క్రేన్ గారి తల్లిగారు బెజవాడ నుంచి ఆట చూడటానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారని చెప్పారు. నా చేతిలో ఫోను కాసేపు అలా నిలిచిపోయింది. సిగ్నలు పోయిందేమోననుకున్నాను. పోలేదు, ఎవరూ ఏమీ రాయడం లేదంతే.

కామెంట్లు మళ్ళీ మొదలయ్యాక చూడాలి వాటి వాలకం. తిట్టాలన్న దురద పోలేదు, భాష మాత్రం మారిపోయింది. ‘క్రేన్ గారూ, నెట్టు మీద చూపించే ప్రేమలో కొంత బంతి మీద కూడా చూపించవలసిందిగా ప్రార్థన’ అని ఒకరు. ‘రిఫరీ గారికి కంటి డాక్టరు అడ్రసు కావలసినచో సంప్రదించగలరు’ అని మరొకరు. ఇవి ఉంచాలా తీసెయ్యాలా అని నాకు పెద్ద ధర్మసందేహం వచ్చింది. మాస్టారు నా చేతిలోంచి ఫోను లాక్కుని నెట్టు కామెంటు చదివేశారు. కోర్టులో నీళ్ళు తాగుతున్న అన్నయ్యకి పొలమారింది. దగ్గుతూనే నవ్వాడు. వారం తర్వాత వాడి పళ్ళు చూశాను.

అసలు సంగతి రెండో సెట్టులో జరిగింది. అన్నయ్య సర్వీసు ఒకటి బయటికి పోయింది. పిన్ని పక్కనున్న పెద్దమనిషి గబగబా ఫోను తీసి ఏదో కొడుతున్నాడు. పిన్నికి ఫోను అంటే కొత్త మోజు కదా, ఎవరి ఫోనైనా సరే తొంగిచూస్తుంది. వేలు కూడా పెట్టి, అలవాటు ప్రకారం పైకే కూడబలుక్కుంది. “వీ...డి...కి... అ...న్నం... పె...ట్టిన...” అని ఆగింది. ఆయన మొహం చొక్కాకన్నా తెల్లబడింది. చుట్టుపక్కల నాలుగు కుర్చీలు ఇటు తిరిగాయి. మైకు బల్ల దగ్గర నిలబడ్డ నేను గబగబా అటు నడిచాను, పిన్ని ఏడుస్తుందేమోనని. పిన్ని ఏడవలేదు. చాలా మామూలుగా అడిగింది.

“అన్నం పెట్టింది నేనేనండీ. తర్వాత ఏం రాద్దామనుకున్నారు?”

అది కాదమ్మా, ఆవేశంలో, మనవాడే కదా అని... ఇలా ముక్కలు ముక్కలుగా ఏవో అన్నాడాయన. “మనవాడే కదా. అయితే మనవాడికి రాసినట్టు రాయండి. నేను చూస్తాను” అని పిన్ని కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆయన ఉన్నది చెరిపాడు. ఆవిడ కళ్ళముందు, పరీక్ష హాల్లో పిల్లాడిలాగా, ఒక్కో అక్షరం కొట్టాడు. నా ఫోనులో అది వచ్చింది. పైన డెల్టా పులి అసలు ఒరిజినల్ అన్న పేరు, కింద ‘తొందరపడకు నాయనా. చూసి కొట్టు.’ మాస్టారు దాన్ని మైకులో చదివారు. ఎవరూ నవ్వలేదు.

మనవాళ్ళు గెలిచారని రాస్తే బాగుండేది. గెలవలేదండి. మూడో సెట్టు చివరిదాకా లాక్కొచ్చి, ఆఖరి బంతి మళ్ళీ అన్నయ్యే కొట్టాడు, గీతకి బెత్తెడు అవతల పడింది. నేను ఫోను వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మొదటి కామెంటు గన్నవరంవాళ్ళది. మీ క్రేన్ గారు మా దగ్గర ఉంటే ఎంత బాగుండునో అని రాశారు. దాని కిందే మనవాళ్ళు, మా క్రేన్‌ని ఎవరికీ ఇవ్వం అని వరసకట్టారు. తెల్లచొక్కా పెద్దమనిషి పిన్నికి దణ్ణం పెట్టి, బస్టాండు దాకా తన కారులో దింపుతానన్నాడు. పిన్ని ఎక్కింది కూడా. దారిపొడుగునా ఆయనకి తన కొడుకు చిన్నప్పటి కబుర్లు చెప్పింది, ఆయన ‘అవునాండీ, అవునాండీ’ అంటూ ఎంతో జాగ్రత్తగా నడిపాడు.

ఇప్పుడు అన్నయ్య ఆటోనగర్ కుర్రాళ్ళకి ఆట నేర్పుతున్నాడు. నేను గన్నవరంలో కాపురం ఉంటున్నాను, అంటే ఒకప్పటి ప్రత్యర్థుల కోడల్ని. మ్యాచ్ వచ్చిందంటే ఇంట్లో అందరూ స్కోరు చూస్తారు, నేను కింద కామెంట్లు చూస్తాను. ఎవరైనా ఆటగాడి ఇంట్లోవాళ్ళ జోలికి పోతే కింద ఒకే వాక్యం రాస్తాను, ‘ఇది వాళ్ళమ్మగారు చదువుతారండీ’ అని. నీకెందుకని ఎక్కువమంది తిరగబడతారు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు చప్పుడు చేయకుండా తీసేస్తారు. ఆ ఒక్కరి కోసం మానకుండా రాస్తూనే ఉన్నాను, రాస్తాను కూడా. కాకపోతే ఆ వారం రోజుల నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎండలో చెమటలు కక్కుతూ, ఒక్క ఆదివారంలో జనాన్నంతా మంచివాళ్ళని చేసేద్దామని మాస్టారి సైకిలు పట్టుకుని వేళ్ళాడిన ఆ పిల్లకి, ఇది జీవితకాలపు పనని ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. చెప్పి ఉంటే అసలు బస్సే ఎక్కేది కాదేమో.