అవును, కాదు, మామొచ్చిండు

జహీరాబాద్ హైవే మీది మా షోరూం నుంచి పెద్ద మిషన్ల రిపేరుకు నన్నే పంపుతారు. మిగతావాళ్లకు కస్టమర్‌తో మాట్లాడటం రాదు, నాకు మాట్లాడకుండా ఉండటం రాదు. ఒకసారి రాయికోడ్ దగ్గర మొరాయించిన ట్రాక్టర్‌కు నేనొక కథ చెబితే, మిగతాది వినలేక అదే స్టార్టయిందని అందరికీ చెబుతుంటాను. అది పూర్తిగా అబద్ధం కాదు. ట్రాక్టర్ ఉంది, రాయికోడ్ కూడా ఉంది.

నా నోటికి తాళం వేయడానికే అన్నట్టు ఈమధ్య లామినేషన్ చేసిన చార్టులు వచ్చాయి. ఒక్కోటి చూడటానికి తలకిందులుగా పెరిగిన చెట్టులా ఉంటుంది. పైన ఒక ప్రశ్న, కింద రెండు కొమ్మలు: అవును, కాదు. ఏ కొమ్మ పట్టుకుంటే దానికి ఇంకో ప్రశ్న. అలా దిగుతూ పోతే అడుగున మిషన్ రోగం పేరు దొరుకుతుంది.

“అన్నా, ఇగ కతలు బంద్. అవును, కాదు. గంతే,” అన్నాడు మా మేనేజర్.

సరేనని చార్టు పట్టుకుని కోహీర్ వైపు ఒక పటేల్ చేనుకు వెళ్లాను. ఆయన చెరకు కోసే మిషన్ కొన్నాడు. నడిపేది ఆయన ఇల్లరికపు అల్లుడు.

“నేనొస్తె ఆగుతది, నేను పోతె నడుస్తది,” అన్నాడు పటేల్. “ఒక్క గడ కోసుడు గూడ నా కండ్లతోని చూడలే. మాపటికి బీదర్ దిక్కుకెల్లి బేరగాడొస్తున్నడు. గాలోపు బాగైతె ఉంచుత, లేకుంటె ఇచ్చి పంపిస్త.”

ఆయన బండెక్కి వెళ్లగానే అల్లుడు నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, జర చూడే. మిషన్ పోతె మామ నన్ను మల్ల బర్ల ఎన్క తోల్తడు. గిప్పుడిప్పుడే ఊర్ల డ్రైవర్ సాబ్ అంటున్నరు.”

చార్టు తీశాను. మొదటి గడి: ఆపరేటర్ సీట్లో ఉన్నాడా? సీటు కింద ఒక స్విచ్చుంటుంది. మనిషి బరువు తీసిన మరుక్షణం కత్తులు ఆగిపోతాయి, దిగినవాడి కాళ్లు తెగకుండా. అల్లుడు సింహాసనం మీద రాజులా కూర్చుని ఉన్నాడు. అవును. నూనె సరిపోను ఉందా? అవును. ఆగేది ఇంజన్ వేడి వల్లనా? కాదు. కొమ్మ తర్వాత కొమ్మ దిగి చివరికి వచ్చాను: మిషన్‌లో లోపం లేదు. మిషన్ కూడా ఆ మాటే అంటున్నట్టు చెరకు నమిలి ట్రాలీలోకి ఉమ్ముతోంది.

అప్పుడు పటేల్ బండి చప్పుడైంది. కత్తులు ఆగిపోయాయి.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి నేను మిషన్ కింద పడుకుని ఉన్నాను. “అల్లుడు సీట్లో ఉన్నడా పటేలా?” అని అరిచాను.

“సీట్ల ఉండక నా నెత్తి మీదుంటడా?”

అవును అని గీత కొట్టాను. కింద నిలబడినవాళ్లకు క్యాబిన్ అద్దంలోంచి అల్లుడి ఛాతీ దాకానే కనిపిస్తుందని నాకు తట్టలేదు. ఆ ఒక్క అవును పుణ్యమా అని పైపులన్నీ విప్పి మళ్లీ బిగించాను, నల్లటి నూనెతో తలంటుకున్నాను. పటేల్ అన్నానికి వెళ్లాడు. మిషన్ నడిచింది.

ఆయన తిరిగొచ్చేసరికి నేను క్యాబిన్ పక్కన నిచ్చెన మీద నిలబడి వైర్లు చూస్తున్నాను. బండి చప్పుడు వినగానే అల్లుడు నెత్తి మీది తువ్వాల తీసి, సీటు మీద నుంచి జానెడు లేచాడు. లేచి అలాగే గాల్లో ఉండిపోయాడు. కింద కత్తులు ఆగిపోయాయి.

“ఎందుకు లేచినవ్?”

“మామొచ్చిండు గద.”

“వస్తే?”

“గట్లంటవేందన్నా! పెద్దమనిషి కింద ఎండల నిలవడితె నేను మీద ఏసీల కూసోవాల్నా? మా ఆమె ఇంట్లకు రానిస్తదా?”

సీటు కింది ఆ స్విచ్చు వైర్లు రెండూ కలిపేస్తే రోగం పోతుంది. కానీ ఏదో ఒకరోజు కత్తులు తిరుగుతుండగానే, మర్యాద కోసం ఈ పిల్లగాడు కిందికే దిగుతాడు. అందుకని జీవితంలో అరుదుగా చేసే పని చేశాను. పటేల్‌కు నిజం చెప్పాను.

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. “మిషన్‌కు గూడ మామంటె మర్యాదనా? నీ కతల గురించి ఇన్న గని, గింత పెద్దయి చెప్తవనుకోలే.”

నిజం చెల్లనప్పుడు మన సరుకే తీయాలి. గొంతు తగ్గించాను. “అసలు సంగతి ఏందంటె పటేలా, గిది బయటి దేశపు మిషన్. ఆడ మిషన్ నడుస్తుంటె యజమాని కుర్సీల కూసుంటడు. నిలవడ్డోన్ని కూలి అనుకుంటది. కూలోడు దగ్గరికొస్తె కోతపడ్తడని ఆగుతది. లోపల కంప్యూటరున్నది.”

పటేల్ నవ్వు ఆగిపోయింది. తన లాల్చీ వైపు, మిషన్ వైపు చూశాడు. “నన్ను కూలోడనుకుంటున్నదా?”

“ఇన్నిదినాల సంది.”

ఇంటి నుంచి కుర్చీ తెప్పించాడు. గట్టు మీద వేయించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. “ఏం చూస్తున్నవ్ అల్లుడూ, కూసో. నడ్పు,” అన్నాడు. అల్లుడు కూర్చున్నాడు. కత్తులు తిరిగాయి. చెరకు వాలుతుంటే, పటేల్ ముఖం మొదటిసారి పంట చూసినవాడిలా వెలిగింది.

మాపటికి బేరగాడు వచ్చాడు. పటేల్ కుర్చీలోంచి లేవలేదు. లేస్తే మిషన్ ఆగుతుందని భయం. “అమ్ముడు లేదు. చాయ్ తాగి పో,” అన్నాడు కూర్చునే.

షోరూంకు వచ్చి చార్టు మొదటి గడి కింద పెన్నుతో ఇంకో గడి గీశాను: యజమాని సీట్లో ఉన్నాడా?

మేనేజర్ అది చూసి తల పట్టుకున్నాడు. “కతలొద్దన్న గదన్నా,” అని దాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు.

తుడిస్తే తుడవనీ. ఇప్పుడు కోహీర్ దిక్కు చెరకు కోతకు మిషన్ బయల్దేరిందంటే, వెనకాల ట్రాక్టర్లో ముందుగా ఎక్కేది కుర్చీ. నమ్మకపోతే వచ్చి చూసుకోండి. వచ్చినప్పుడు మాత్రం నిలబడి చూడకండి.