పదింటి పది నిమిషాలకు టోంగా

భూమేష్‌కు భయం కొత్త కాదు. చిన్నప్పుడు ఉరుముకు భయపడ్డాడు, పెద్దయ్యాక ఆఫీసర్లకు భయపడ్డాడు. కానీ సెల్‌ఫోన్ టింగుమంటే చాలు గుండె దడదడలాడటం మాత్రం ఈ నెల రోజుల నుంచే మొదలయింది.

బోధన్ అవతల, నిజాంసాగర్ కాలువలోంచి పిల్లకాలువ చీలే చోట అతను లస్కర్. అదేం పెద్ద ఉద్యోగం కాదు. ఇంజనీరు ఫోన్ చేస్తే షట్టర్ ఎత్తాలి, మళ్లీ ఫోన్ చేస్తే దించాలి. పొద్దున ఆరు నుంచి రెండు దాకా భూమేష్, ఆ తర్వాత ముత్తన్న. ముత్తన్న వయసులో పెద్దవాడు. పని నేర్పింది కూడా ఆయనే.

ఈ భూమేష్‌కు ఇంట్లోంచే దేశదేశాలవాళ్లతో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, కాలువ గట్టు మీది క్వార్టర్ నుంచి వేపచెట్టుకు ఒక తీగ లాగాడు. బీడీలు చుట్టే భార్య సవిత మొదట్లో దాని మీద బట్టలు ఆరేసింది. ఆ తీగతోనే తొంభై తొమ్మిది దేశాలవాళ్లతో మాట్లాడానంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే పోయారు, ఆ రేడియోవాళ్ల లోకంలో కూడా ఊరికే ఎవరూ నమ్మరు. ఎవరితో మాట్లాడాడో, ఏ రోజు, ఎన్ని గంటలకు మాట్లాడాడో రాసి, కంప్యూటర్‌తో సంతకం చేసి, లెక్క చూసే సంఘానికి పంపాలి. అవతలివాడూ అలాగే పంపాలి. రెండింటి సమయం అరగంట లోపు కలిస్తేనే ఆ మాట జరిగినట్టు లెక్క.

అతని పాత లాప్‌టాప్‌లో బొమ్మల కిటికీలు తెరుచుకునేసరికి తెల్లారుతుంది. అందుకని నిజామాబాద్‌లో రేడియోలు బాగుచేసే ఆత్మారాం నల్ల తెర మీద పని నేర్పాడు. అందులో ఒకటే లైను కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, ఎంటర్ నొక్కితే సంతకం పడి, కాగితం దానంతటదే వెళ్లిపోతుంది. ఆ లైను చీటీ మీద రాసి భూమేష్ గోడకు అంటించుకున్నాడు. రాయాల్సింది ప్రపంచమంతా వాడే టైము, అది మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక కాబట్టి, దాని కింద ఎర్ర పెన్నుతో 'ఐదున్నర తీసెయ్' అని కూడా రాసుకున్నాడు.

వానలు దంచుతున్న ఒక పొద్దున తొమ్మిదిన్నరకు ఇంజనీరు అనిల్‌కుమార్ ఫోన్ చేశాడు. పైనుంచి నీళ్లు ఎక్కువొస్తున్నాయి, పదింటికల్లా షట్టర్ దించాలి. భూమేష్ అప్పుడు గేటు దగ్గర ఉండాల్సినవాడు, క్వార్టర్‌లో ఉన్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడో లేదో, బల్ల మీది రేడియోలోంచి గరగరల మధ్య సన్నగా టోంగా దీవుల నుంచి ఒక గొంతు వినిపించింది. అది వందో దేశం. ఆరేళ్లుగా దానికోసం ఎదురుచూస్తున్నాడు. పది నిమిషాల్లో ఏమవుతుందిలే అనుకున్నాడు. కానీ పిలిచేవాళ్లు అవతల గుంపుగా ఉన్నారు. తన వంతు వచ్చేసరికి పదింటి పది. గేటు దగ్గరికి ఉరికేసరికి పదిన్నర.

అప్పటికే గట్టు తెగింది. వెంకటసుబ్బారావుగారి చెరుకు తోటంతా నీళ్లలో పడుకుంది. ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, "ఏవయ్యా, షట్టర్ దించే మనిషే లేడా ఇక్కడ?" అని అడుగుతున్నాడు. భూమేష్ హ్యాండిల్ తిప్పాడు. ముందురోజు సాయంత్రం ముత్తన్న గ్రీజు పెట్టి ఉన్నాడు, షట్టర్ నున్నగా దిగింది.

కాసేపటికి జీపు వచ్చింది. అనిల్‌కుమార్ దిగీదిగకముందే భూమేష్ నోట్లోంచి మాట ఊడిపడింది.

"నేను పదింటికే ఉన్న సార్. షట్టర్ పట్టేసింది. గ్రీజు లేకుండె."

ముందుగా అనుకుని చెప్పింది కాదు. వట్టి భయంతో అన్నాడు. గ్రీజు పెట్టడం ముత్తన్న పని అని అందరికీ తెలుసు.

చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, అంత నష్టం కళ్లారా చూసి కూడా ఆ సాయంత్రం భూమేష్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కంగారుకంగారుగా నోట్‌బుక్‌లోని టోంగాను ఎక్కించి, సంతకం చేసి పంపాడు.

మూడో రోజు విచారణలో మేకలు కాసే లింగవ్వ సాక్ష్యం చెప్పింది. "గా దినం పొద్దుగాల ఈయన రేడియో మొత్తుకుంటనే ఉండె సారూ." అనిల్‌కుమార్ లాప్‌టాప్ చూపించమన్నాడు. తెరవగానే నాలుగూ నలభై, అంటే మన పదీ పది, కనబడుతుంది, అయిపోయాననుకున్నాడు భూమేష్. తెరిచి చూస్తే పదీ పది అని ఉంది. ఆ సాయంత్రం కంగారులో ఐదున్నర తీసెయ్యడం మరిచిపోయాడు.

"గిది లోకం టైము సార్. మనకు ఐదున్నర కలుపుకోవాలె. మూడు నలభై అయితది, డ్యూటీ దిగినంక" అన్నాడు.

కంప్యూటర్ సంతకం ఉన్న కాగితాన్ని ఇంజనీరు నమ్మాడు. మేకలు కాసే ముసలమ్మ మాట తేలిపోయింది. టైము తప్పు పడటం అప్పటిదాకా వట్టి పొరపాటు, ఆ మాట అన్న తర్వాత అది అబద్ధం. ముత్తన్నను పనిలోంచి ఆపేశారు.

పది రోజులకు టోంగా నుంచి ఈమెయిల్ వచ్చింది. అవతలివాడు రిటైరైన బడి పంతులు. మిత్రమా, మన ఇద్దరి టైము సరిగ్గా ఐదున్నర గంటలు తేడా పడింది, మీ దేశపు మిత్రులకు ఇది మామూలే, దిద్ది పంపితే నీకూ నాకూ లెక్కకొస్తుంది అని ఎంతో మర్యాదగా రాశాడు. భూమేష్‌కు ముచ్చెమటలు పట్టాయి. ఆ పొద్దున తాను ఎక్కడున్నాడో తెలిసిన మనిషి సముద్రాల అవతల ఒకడున్నాడు, ఆ సంగతి తెలుసని వాడికే తెలియదు. తర్వాత వాడి నుంచే వచ్చిన రెండో మెయిల్ తెరవనేలేదు. గట్టు మీద జీపు చప్పుడైతే కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు. సవిత జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

ఒక ఆదివారం పొద్దున ముత్తన్నే ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో పెన్ను ఉంది.

"తమ్మీ, రేపు పెద్దసారు సంతకం పెడ్తే నన్ను మొత్తానికే తీసేస్తరట. కంప్యూటర్ల ఒక దరఖాస్తు రాసియ్యి. నీకు మంచి మాటలొస్తయి."

"ఏమని రాయాలె అన్నా?"

"తప్పు నాదేనని. గ్రీజు పెట్టుడు మర్సిన, ఈసారికి మాఫీ జెయ్యుమని."

"పెట్టిన అన్నవ్ గద అప్పుడు."

"పెట్టిననే అనుకున్న. కని నువ్వు అవద్దం ఎందుకు జెప్తవ్?" ముత్తన్న చాప మీద కూర్చున్నాడు. "నెల దినాల సంది గదే యాది జేస్తున్న. డబ్బా మూత తీసిన్నా లేదా అని. యాదికొస్తలేదు. వయసైతుంది తమ్మీ, నా మీద నాకే నమ్మకం పోయింది."

సవిత చాయ్ తెచ్చింది. భూమేష్ లాప్‌టాప్ తెరిచి 'తప్పు నాదే' అని కొట్టాడు. ఇంకో ముక్క ముందుకు సాగలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వెంకటసుబ్బారావుగారు ఏం చేస్తారో, రేడియో లైసెన్సు ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఎటు తిప్పి ఆలోచించినా భయం పిసరంత తగ్గలేదు. తల ఎత్తితే గోడ మీద తన చేతిరాతే, ఎర్రగా.

నల్ల తెర తెరిచాడు. పదీ పదిలోంచి ఐదున్నర తీసేసి, నాలుగూ నలభై అని దిద్దాడు. లైను కొట్టాడు. పాస్‌వర్డ్ ఒకసారి తప్పింది. రెండోసారి సరిగ్గా పడింది. ఎంటర్ నొక్కాడు.

ముత్తన్న చాయ్ తాగడం పూర్తయ్యేలోపే టోంగా కలిసింది. వంద. ఈ రోజు వస్తే గట్టు మీద ఎగురుతానని ఆరేళ్లుగా అనుకున్నవాడు ఆ అంకెను ఒక్కసారి చూసి ముత్తన్న వైపు తిరిగాడు.

ముత్తన్న గ్లాసు పక్కన పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు. "అయిపాయెనా? సంతకం యాడ పెట్టాలె?"

"నువ్వు పెట్టద్దన్నా. నేను పెట్టిన." భూమేష్ తెరను ఆయన వైపు తిప్పాడు. "గట్టు తెగిన దినం పదింటికి నేను గేటు కాడ లేను. ఈడ్నే కూసోని ఈ రేడియోల మాట్లాడుతున్న. గిది దానికి రుజువు. అనిల్‌కుమార్ సారుకు సూపెడ్త, నడువు."

ఆ అంకెలు ముత్తన్నకు అర్థం కాలేదు గానీ మాట అర్థమయింది. చెంప మీద కొడతాడని భూమేష్ కాచుకుని నిలబడ్డాడు. ముత్తన్న కొట్టలేదు, తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే నేను గ్రీజు పెట్టిన్నా?"

"పెట్టినవన్నా. షట్టర్ నున్నగ దిగింది."

ముత్తన్న పెన్ను మళ్లీ జేబులో పెట్టుకోబోయాడు. చేతకాలేదు. చాప మీద అలాగే కూర్చుండి, నెల రోజులుగా ఆపుకున్నదంతా ఏడ్చాడు.