సరెండర్ అన్న మాటను నమ్మని చాచా

చాచా పోయారని నిన్న పొద్దున కడప నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. వెంటనే నమ్మలేదు. డాక్టర్ చూశాడా, నువ్వు పక్కనే ఉన్నావా అని తిరిగి తిరిగి అడిగాను. అలా అడగడం నాకు అలవాటు చేసింది చాచాయే.

గల్ఫ్‌లో, రుసైల్‌లోని మా గోదాముకు ఆయన స్టోర్‌కీపర్. జగిత్యాల నుంచి వచ్చిన నేనూ ఆయనా ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. పాలు ఒకసారి వాసన చూస్తే గానీ చాయ్ పెట్టేవారు కాదు. ఇంగ్లీషు మాటల మీదా అంతే అనుమానం.

ఒకరోజు మా క్యాంప్ బాస్ వచ్చి, వీసా రెన్యువల్ ఉంది, అందరూ పాస్‌పోర్టులు సరెండర్ చేయాలన్నాడు. మేం పెట్టెలు తెరుస్తున్నాం. చాచా కదలలేదు.

"ఆయప్ప ఏమన్నాడో వింటివా?" అని నన్నడిగారు.

"పాస్‌పోర్టులు ఇయ్యుమన్నడు, చాచా."

"ఇమ్మనలేదు నాయనా, సరెండర్ అన్నాడు. పోలీసులకు దొంగ లొంగిపోతే ఆ మాట అంటారు. మనకు ఉండేదాన్ని వదులుకున్నా అదే మాట. రెన్యువల్‌కైతే సబ్మిట్ అంటే చాలు గదా."

"ఒక్క మాటకు గింత అనుమానమా?"

ఆయన నేరుగా బాస్ దగ్గరికి వెళ్లి, సరెండరా, సబ్మిటా అని హిందీలో అడిగారు. రెండూ ఒకటేనని బాస్ నవ్వాడు.

"ఒకటే అయితే సబ్మిట్ అనండి సాబ్. ఎప్పుడు తిరిగిస్తారో కూడా అందరి ముందు చెప్పండి."

బాస్ నవ్వు ఆగింది. గురువారం ఇస్తానన్నాడు. అప్పుడే చాచా తన పాస్‌పోర్టు ఇచ్చారు.

గురువారం వచ్చింది, పాస్‌పోర్టులు రాలేదు. డ్యూటీ దిగి చాచా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. లాకర్‌లో భద్రంగా ఉన్నాయి, రూమ్‌కి పొమ్మన్నాడు బాస్. "మా పెట్టెల్లోనూ భద్రంగానే ఉండె సాబ్," అన్నారు చాచా, గొంతు పెంచకుండా. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి మా రూమ్‌వాళ్లంతా వచ్చారు. చీకటి పడకముందే బాస్ లాకర్ తెరిచి పాస్‌పోర్టులు ఇచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే నాన్నకు గుండెపోటు వచ్చింది. పాస్‌పోర్టు చేతిలో ఉండబట్టి ఆరోజే బయలుదేరాను. నాన్న నన్ను గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచేవేళకు మంచం పక్కన ఉన్నాను. అందుకు నేను చాచాకు రుణపడి ఉన్నాను.

ఆరోజు నేను ఎయిర్‌పోర్టుకు టాక్సీ ఎక్కుతుంటే చాచా కిటికీ దగ్గర వంగి డ్రైవర్‌ని ఎగాదిగా చూశారు. బండి కదిలాక వెనక్కి తిరిగాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, లుంగీ ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, పెదాలు కదుపుతూ ఆయన టాక్సీ నంబరు చదువుకుంటున్నారు.