గుండె మాత్రమే ఊరు చేరినవాడు

సౌదీ కొండల్లోని అభాలో నేను పనిచేసే కంపెనీ పర్యాటకుల కోసం కార్యక్రమాలు పెడుతుంది. వాటికి ఇంగ్లీషులో వ్యాఖ్యానాలు రాయడం నా పని. ఆ వేసవిలో యూరప్ నుంచి ఒక పియానో విద్వాంసురాలు వస్తోందని, దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి ఒక పోలండ్ సంగీతకర్త రచనలే వాయిస్తుందని తెలిసింది. ఆయన జీవితం గురించి నేను రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

కడపలో నేను చదివిన బడిలో ఒక పాత పియానో ఉండేది. కొన్ని మెట్లు పలికేవి కావు. సంగీతం టీచరమ్మ ఆయన రచనలు వాయిస్తూ, పలకని మెట్టు వచ్చినచోట ఆ స్వరాన్ని నోటితో అందుకునేది. ఆయన కథ కూడా ఆమే చెప్పింది. ఇరవయ్యేళ్లకు దేశం వదిలాడు. కొన్ని వారాలకే అక్కడ తిరుగుబాటు లేచింది, దాన్ని అణిచేశారు. ఇక ఆయన సొంత గడప తొక్కలేదు. పారిస్‌లో గొప్పింటి పిల్లలకు పాఠాలు చెప్పి బతికాడు. అంత విద్వాంసుడికీ పెద్ద సభ అంటే భయం. ఒక రచయిత్రితో ఏళ్ల తరబడి కలిసి ఉండి విడిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బుతో నలభై నిండకుండానే పోయాడు. తన గుండెను స్వదేశానికి చేర్చమని కోరాడు. అక్క దాన్ని సారాలో నిలవచేసి, దాచిపెట్టి సరిహద్దు దాటించింది.

ఇదంతా రాసి మేనేజరుకిచ్చాను. ఆయనది హైదరాబాదు. ముందు రచయిత్రి ప్రస్తావన కొట్టేశాడు.

“పెళ్లి కాలేదంటివి. ఫ్యామిలీలు వస్తరు భాయ్.”

సరేనన్నాను. తర్వాత సారా పోయింది. ఆ తర్వాత జబ్బు, తిరుగుబాటు.

“ఈ లడాయి ముచ్చట మనకెందుకు? చల్లగాలికి వచ్చినోళ్లు ఖుషీగా పోవాలె.”

“ఇవన్నీ తీసేస్తే ఇంక ఆయన బతుకులో ఏం మిగుల్తాది సార్?”

“పుట్టిండు, మంచిగ వాయించిండు. చాలదా?”

ఇంటికెళ్లి మళ్లీ రాశాను. జబ్బును నలత అన్నాను. తిరుగుబాటును గడ్డురోజులన్నాను. మేనేజరు బియ్యంలో రాళ్లేరినట్టు వాటినీ ఏరేశాడు. ఇంకోసారి రాశాను. చివరికి అయిదారు వాక్యాలు మిగిలాయి. అవి ఏ సంగీతకర్తకైనా సరిపోతాయి.

పియానో జెద్దా నుంచి లారీలో వచ్చింది. దాన్ని వేదిక మీదికి చేర్చింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన కూలీలు. పని అయ్యాక చాయ్ తాగుతూ వాళ్లలో పెద్దాయన నన్నడిగాడు.

“అన్నా, గీ పాటలు కట్టినాయనది ఏ దేశం?”

చెప్పాను. దేశం వదిలి వచ్చాడన్నాను.

“మల్ల ఇంటికి పోలేదా?”

“పోలేదు.”

“పాస్‌పోర్టు గుంజుకున్నరా?”

“ఊర్లో పరాయి రాజ్యముండె. పోవాలంటే ఆ రాజుకు లొంగల్ల.”

“మరి అవ్వ, అయ్య?”

“ఒక్కసారి వాళ్లే ఇంకో దేశానికొచ్చి చూసిపోయినారు.”

గుండె సంగతీ చెప్పాను. ఆయన చాయ్ తాగడం ఆపాడు.

“గుండె ఒక్కటేనా? పెయ్యి?”

“శవాన్ని పారిస్‌లోనే పూడ్సినారు.”

“మా దోస్తు ఈడ సచ్చిపోతే పెయ్యి ఇంటికి పోయేసరికి నెలలు పట్టింది. మొఖం జూస్తమని ఇంటోల్లు ఒకటే ఏడుపు. గుండె పంపితే ఏం జూస్తరన్నా?”

చాయ్ కప్పు కింద పెట్టి మళ్లీ ఆయనే అన్నాడు: “అక్క తీస్కపోయిందంటివి గద. తమ్మునిదని ఆమెకైతే ఎరుకే.”

తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను. “పియానో మోసినవాళ్లు గూడా ఆయన చివరికి ఏమైనాడని అడుగుతాండారు సార్. గుండె సంగతి ఒక్కటన్నా ఉంచండి.”

“వాళ్లు టికెట్ కొన్నరా?” అన్నాడాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

కార్యక్రమం రోజు సాయంత్రం కొండ మీదికి పొగమంచు దిగి, జనం రావడం ఆలస్యమైంది. టైము లేదని ఆ అయిదారు వాక్యాలు కూడా వద్దన్నారు. “గొప్ప కళాకారుడి సంగీతం వినండి, ఆనందించండి” అని అరబ్బీలో చెప్పి వ్యాఖ్యాత దిగిపోయాడు. విద్వాంసురాలు వాయించడం మొదలుపెట్టింది. నేను వెనక వరసలో నిలబడ్డాను. పలకని మెట్టు ఒక్కటి కూడా లేని పియానో మీద ఆ రచనలు వినాలని బడి రోజుల నుంచి అనుకుంటూ వచ్చాను. తీరా విన్నది ఏమీ లేదు. ఆమె చేతులు కదులుతుంటే, కొట్టేసిన వాక్యాలే నా తలలో తిరిగాయి. చప్పట్లు మోగాకగాని అయిపోయిందని తెలియలేదు.

మర్నాడు మేనేజరు పిలిచాడు.

“మస్తుగైంది. ఈడ జరిగే పువ్వుల పండగకు గూడ నువ్వే రాయి.”

ఎంత రాయాలని అడిగాను.

“నీ ఇష్టమున్నంత రాయి. నేను చూస్త గద” అన్నాడు.