చాచా రంగులు, నా రాజీనామా

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే కాపురముండేది. (ఇప్పుడు కాస్త లోపలికి జరిగింది, ఖాళీ మాత్రం చేయలేదు.) తొంభైల చివర్లో, నారాయణపేట చీరలు బొంబాయికి పంపే ఒక వ్యాపారి ఆఫీసులో కంప్యూటరు పనికి కుదిరాను. అక్కడ ఈ-మెయిళ్లు చూసుకునే ముసలి సర్వర్ ఒకటి ఉండేది. రోజుకు రెండుసార్లు ఫోను లైను మీద హైదరాబాదుకు కలిపి, వచ్చిన ఉత్తరాలను ఎవరి ఖాతాలో వాళ్లకు వేసేది. అది మాటిమాటికీ మొరాయిస్తోందని కొత్తది కొన్నారు. పాతదాంట్లోని ఖాతాలన్నీ ఉత్తరాలతో సహా కొత్తదాంట్లోకి మార్చి, పాతదాన్ని ఒక్క ఉత్తరమూ మిగలకుండా తుడిచేసి డిజైన్ల గదికి ఇవ్వడం నా పని. జీతాల పట్టీ ముందేసుకుని అందులోని ప్రతి పేరుకూ ఖాతా మార్చాను. దసరా పొద్దునకల్లా తుడవడం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే మా యజమాని (అందరికీ పెద్దసారు) పూజ పళ్లెంతో దిగాడు. కత్తెరకూ, టైపు మిషనుకూ పెట్టినట్టే పాత సర్వర్‌కూ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు.

"సార్, గిది ఇయ్యాల్నే తుడిచెయ్యాలె!" అన్నాను.

"పూజ చేసినంక రేపటిదాక ముట్టొద్దు. ఊర్ల మగ్గాలే ఆగినయి, నీ డబ్బా ఆగదా?"

"ఇనుప డబ్బకు పూజేంది సార్?"

"గన్నేండ్లు ఉత్తరాలు మోసింది. ఒక్కరోజు కూసోనియ్యి."

ఒళ్లు మండిపోయింది. మూడు వారాల నా కష్టం మీద బంతిపూలు పోశాడీయన! కుర్చీని ఒక్క తన్ను తన్నాను. (కుర్చీకి ఏమీ కాలేదు, నా బొటనవేలే వాచింది.) ఇంటికెళ్లి పళ్లు కొరుకుతూ రాజీనామా రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు దాన్ని మొహాన కొడదామని కుంటుకుంటూ వెళ్లేసరికి రంగుల చాచా కూర్చుని ఉన్నాడు. మా నూలుకు రంగులద్దే పెద్దాయన. మొహం వాడిపోయి ఉంది.

"బిడ్డా, బొంబాయి సేటు రంగుల చిట్టా పంపిన అన్నడు, జర చూడు. సేటు మొన్ననే కాశీకి బైలెల్లిండు, ఫోను దొరుకుత లేదు. ఇయ్యాల అద్దకుంటె గీ ఆర్డరు ఇంకోనికి పోతది."

కొత్తదాంట్లో వెతికాను. చిట్టా కాదు కదా, చాచా ఖాతాయే లేదు. ఆయన మా జీతగాడు కాడు, జీతాల పట్టీలో పేరు ఉండదు. పాతదాంట్లో మాత్రం ఎవరో ఎప్పుడో ఆయనకూ ఒక ఖాతా తెరిచి పెట్టారని అప్పుడు గుర్తొచ్చింది. నిన్న నా మాటే సాగి ఉంటే!

బంతిపూలు పక్కకు తీసి పాతదాన్ని ఆన్ చేశాను. సేటు ఉత్తరం పదిలంగా ఉంది. అచ్చు తీసి ఇస్తే చాచా నా తల నిమిరి, "ఖుదా నిన్ను సల్లగ సూడాలె" అని పరుగెత్తాడు. ఆయన తిట్టి ఉంటే నాకు అంత సిగ్గేసేది కాదు.

"జేబుల ఏందిరా?" అన్నాడు పెద్దసారు, ఎప్పుడు వచ్చాడో.

"దోబీ చీటీ సార్."

ఇప్పుడు నేను ఏ పాత సర్వర్‌నైనా ఒక రోజు ఊరికే ఉంచాకే తుడవనిస్తాను. కుర్రకారు నా మీద కారాలూ మిరియాలూ నూరుతారు. వాళ్లు వెళ్లాక ఆ దోబీ చీటీ తీసి చదువుకుంటాను. 'ఈ ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియదు' అని రాసి ఉంటుంది. ఆ ఎవరిలో నన్ను వేసుకోవడం మరిచిపోయాను, చాచాను మరిచిపోయినట్టే.