మా ఊళ్ళో పార్టీ అంటే

పార్టీ అనే మాటకు ఆరో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో కేకు బొమ్మ ఉంది. గురజాల బడిలో ఆ పాఠం ఏటా నేనే చెబుతాను. సాయంత్రం బస్సెక్కి ఊరికొచ్చాక ఆ బొమ్మతో పని లేదు. మా ఊళ్ళో టీకొట్టుకు పార్టీ ఉంది, మంగలి షాపుకు ఉంది, మంచినీళ్ళ క్యాన్లు వేసే ఆటోకూ ఉంది. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ, కొత్తగా పాలు పోసే మనిషి వస్తే ముందు పార్టీ అడిగి తర్వాత గిన్నె తెస్తుంది. ఒకప్పుడు నవ్వొచ్చేది.

పక్కింటి పిన్ని మాకు చుట్టం కాదు, పిలుపే అంత. అమ్మ పొలం పోతే నాకు అన్నం పెట్టి, జడవేసి బడికి పంపింది ఆవిడే. ఆవిడ కూతురూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. పోయిన ఎన్నికల్లో బూత్ దగ్గర మా నాన్నకూ పిన్ని వాళ్ళాయనకూ మాటా మాటా పెరిగి కర్రలు లేచాయి. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. నాకెవరూ మానెయ్యమని చెప్పలేదు. నేనే మానేశాను.

ఓ ఆదివారం తెల్లవారేసరికి పిన్ని పోయింది. ఏడుపులు విని చెప్పులు వేసుకున్నాను. నాన్న పేపర్లోంచి తలెత్తలేదు.

"యాడికే? వాళ్ళ పార్టీవోళ్ళు ఉన్నార్లే చూసుకోటానికి."

చెప్పులు విప్పేశాను. అంత తేలిగ్గా ఎలా విప్పానో ఇప్పటికీ తెలియదు.

పక్కింట్లో శవం ఉంటే మా వీధిలో పొయ్యి వెలిగించరు. పదింటికి నాన్న, "ఏమే, టిఫినేదీ?" అన్నాడు.

"ఇంకా శవం లేవలా," అంది అమ్మ.

నాన్న మళ్ళీ పేపరు తీశాడు. మూడింటి దాకా ముగ్గురం మంచినీళ్ళు తాగి కూర్చున్నాం. పస్తు మాత్రం ఉన్నాం, గడప దాటలేదు.

డప్పులు మా గుమ్మం ముందునుంచే వెళ్ళాయి. పాడె వెనక నడుస్తూ పిన్ని కూతురు మా తలుపు వైపు చూసింది. సందులోంచి చూస్తున్నదాన్ని వెనక్కి జరిగాను. ఏడుపు రాలేదు. సిగ్గేసిందా అంటే అదీ లేదు. అమ్మ వండితే రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మర్నాడు స్టాఫ్ రూంలో తోటి టీచరు పలకరించింది. "మీ పక్కింటావిడ పోయారంటగా మేడం. మీకేమవుతారు?"

"ఏమీ కారండీ," అన్నాను. "ఆపోజిట్ పార్టీ."