తగ్గినట్టుంటే తగ్గినట్టు కాదు

ఆఫీసు క్యాబ్ కొండాపూర్ దాటాక కడుపులో మెలిపెట్టింది. డ్రైవర్‌ని బతిమాలి పెట్రోల్ బంకు దగ్గర ఆపించాను. అక్కడి టాయిలెట్‌లో చూసుకుంటే మలంలో రక్తం. తిరిగొచ్చి కూర్చోగానే వెనక సీట్లోని అమ్మాయి, "ఇంట్లోనే చూసుకుని బయల్దేరొచ్చు కదా మేడమ్, మాకు లేటవుతోంది" అంది. ఏమైందని అడగలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం మారిపోయింది గానీ నేను ఆ మాట మర్చిపోలేదు.

మదీనాగూడలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్ నన్ను మంచం మీద పడుకోబెట్టి చూడనైనా లేదు. "సాఫ్ట్‌వేరా? అయితే పైల్సే. పొద్దస్తమానం కూర్చుంటారు కదా" అని ఆయింట్‌మెంట్ రాశాడు. రెండు నెలలు అది రాసుకుంటూ చిక్కిపోయాను.

చివరికి మా ఆయన గచ్చిబౌలిలో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. కొలనోస్కోపీ, బయాప్సీ అయ్యాయి. "అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగులో వాపు, పుండ్లు. పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ రెమిషన్‌లో పెట్టుకోవచ్చు" అన్నారాయన. రెమిషన్ అంటే ఏమిటని నేను నోరు తెరిచేలోపే తర్వాతి పేషెంట్ కోసం బెల్ కొట్టారు.

మెసలమైన్ మాత్రలతో పాటు కొన్నాళ్లు స్టెరాయిడ్స్ ఇచ్చారు. ముఖం ఉబ్బింది. మా టీమ్ లీడ్ అందరి ముందూ, "లీవులో బాగా తిన్నట్టున్నారే, బుగ్గలొచ్చాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

రక్తం ఆగింది. స్టెరాయిడ్స్ కూడా మెల్లగా తగ్గించి ఆపేశారు. నా కోసం పోచమ్మకు మొక్కుకున్న మా అత్తమ్మ, చందానగర్‌లోని మా ఇంటికి చుట్టాలందర్నీ పిలిచి యాటను కోయించి మొక్కు తీర్చింది. మర్నాడు నేను మెసలమైన్ వేసుకుంటుంటే చూసింది.

"మొక్కు తీరినంక గూడ గోలీలేందే? అమ్మ మీద నమ్మకం లేదా?"

"డాక్టర్ ఆపమనలేదత్తమ్మా."

"ఆయన ఆపుమంటడా? జర సోచాయించు."

మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే "బానే ఉన్నావుగా" అన్నారు. ఇంటిల్లిపాదికీ తగ్గిపోయిన జబ్బు నాకొక్కదానికే ఉందనడం కష్టమైంది. ఆపేశాను.

కొన్ని నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఒకరోజు క్లయింట్‌కి డెమో ఇస్తూ మధ్యలో లేచి బాత్రూమ్‌కి పరుగెత్తాను. మళ్లీ రక్తం. ఆ వారమే అడ్మిట్ అయ్యాను.

"మందెందుకు ఆపారు?" అన్నారు డాక్టర్.

"తగ్గిందండీ."

"తగ్గిందని ఎవరు చెప్పారు?"

"రక్తం ఆగిపోయింది కదండీ."

"లక్షణాలు లేకపోవడం వేరమ్మా, లోపల వాపు పోవడం వేరు. మొదటిరోజే చెప్పాను."

"చెప్పలేదండీ. బెల్ కొట్టారు."

నర్సు తల తిప్పుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఈసారి విడమర్చి చెప్పారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అని ఒక పరీక్ష ఉందట, వాపు ఉంటే అది పెరుగుతుందట. "అది దిగాలి, తర్వాత స్కోప్ వేసి పేగు మానిందని నేను కళ్లారా చూడాలి. అప్పుడే రెమిషన్ అంటాను."

వాపును అణిచే బయలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కడుపు నెమ్మదించింది, కాల్‌ప్రొటెక్టిన్ మాత్రం ఎక్కువే వచ్చింది. మళ్లీ చేయించాం, మళ్లీ ఎక్కువే. నొప్పి ఉన్న రోజుల్లో కనీసం జబ్బు ఉందని తెలిసేది. ఇప్పుడు బాగున్న రోజును కూడా నమ్మలేకపోయాను. అంత అలసట జబ్బులో కూడా ఎరగను.

చివరికి కాల్‌ప్రొటెక్టిన్ దిగింది. స్కోప్ అయ్యాక ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. "చూడండి, లేత గులాబీ రంగు. పుండ్లు లేవు. ఇది రెమిషన్."

"ఎన్నాళ్లుంటుందండీ?"

"చెప్పలేను."

ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను.

ఇప్పుడు ఇంజెక్షన్ వేళకు పడుతోంది. పరీక్షలు నడుస్తున్నాయి. ఆఫీసుకు వెళ్తున్నాను, పెరుగన్నం తింటున్నాను, ఎవరైనా "తగ్గిందా?" అంటే "ప్రస్తుతానికి" అంటున్నాను.

నాలాంటి జబ్బున్న వాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టర్ "తగ్గింది" అంటే, "నేను చెప్పింది విని అంటున్నారా, పరీక్ష చూసి అంటున్నారా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.